మోరీపాలు కానివ్వని పిండి

ముక్కు

కూరగాయల చెత్తతో పని చేయాలంటే ముందు ముక్కు మూసుకోవడం నేర్చుకోవాలని మీకు ఎవరైనా చెప్తే, ఆ మనిషి ఈ పని ఒక్కపూట కూడా చేయలేదని అర్థం. ముక్కు తెరిచే ఉంచాలి. తొట్టి మీదికి వంగగానే పచ్చి మట్టివాసన వస్తే సరకు మంచిది. పుల్లటి వాసన మొదలైతే ఇంకొక్క పూట టైముంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందా, ఇక దానితో వాదులాట దండగ, తీసుకెళ్లి చెట్ల మొదట్లో పోసుకోవాలి. ఈ మూడు వాసనలు తెలియకుండానే మిషన్లు కొన్నవాళ్లను చూశాను. ఆ మిషన్లనే పాత ఇనుము కింద తూకం వేయించుకుంటున్నప్పుడు కూడా చూశాను.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఇది నా చేత్తోనే రాస్తున్నాను, ఒత్తులు మాత్రం మా కోడలు దిద్దింది. నేను చేసిన పని ఇది: చిప్స్ కార్ఖానాలో ఆలుగడ్డ ముక్కలు కడిగి పారబోసే నీళ్ల నుంచి గంజిపిండి తీయడం, దాన్ని అట్టపెట్టెలు చేసేవాళ్లకు, పుస్తకాలు బైండింగు చేసేవాళ్లకు, అగరుబత్తీలు చుట్టేవాళ్లకు అమ్మడం. దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక రేకుల షెడ్డులో ఒళ్లు అలిసేదాకా చేశాను. ఇప్పుడు కొత్త పిల్లలు నేర్చుకుంటామని వస్తున్నారు. వచ్చి లోను గురించి, లైసెన్సు గురించి అడుగుతారు. వాటికి ఆఫీసులున్నాయి, పోయి లైనులో నిలబడండి. నేను చెప్పేది ఆ ఆఫీసుల్లో చెప్పరు.

కడుగు నీళ్లు

మా ఆయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. నడుము దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాక నేను కోటేశ్వరరావుగారి చిప్స్ కార్ఖానాలో తొక్క తీసే పనికి కుదిరాను. ఆయనది గుంటూరు వైపు. ఒక్కో ఆడమనిషి దగ్గరా ఆగి, తట్టలో చేయి పెట్టి, తొక్క ఎత్తి వెలుతురుకు పట్టి చూసేవాడు.

"ఏంటమ్మా ఇది? తొక్కా, దుంపా? సగం దుంప దీంతోనే పోతోంది కదా!" అనేవాడు.

మిగతావాళ్లు తిట్టుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ మాట నచ్చేది. తొక్క మందంగా పోతే ప్రాణం విలవిల్లాడే మనిషి దగ్గర పని నేర్చుకోవచ్చు. ఏది పోయినా నవ్వేసే యజమాని దగ్గర జీతం తప్ప ఏమీ దొరకదు.

కోసిన ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా తొట్లలో కడుగుతారు. ఆ నీళ్లు పాలలాగా తెల్లబడతాయి. వాటిని మోరీలోకి వదిలేవాళ్లం. ఆ తెలుపు మోరీ అడుగున దిగి సిమెంటులా గట్టిపడేది. మురుగు పొంగి రోడ్డెక్కేది. కాలనీవాళ్లు గేటు దగ్గరకొచ్చి లొల్లి పెట్టేవాళ్లు. ఒకరోజు ఆ మోరీ గోకే పని నాకు పడింది. గోకుతూ కొంచెం వేళ్ల మధ్య నలిపితే కిచకిచమంది. కొత్త పిండి నలిపినట్టే. ఇంత పిండిని మోరీలో పోసి, మళ్లీ కూలి ఇచ్చి గోకించడమేమిటని నాకు ఒళ్లు మండింది.

ఒక బకెట్టు కడుగు నీళ్లు ఇంటికి మోసుకుపోయాను. కదపకుండా పెట్టి, పైనీళ్లు వంపేసి, అడుగున దిగినదాన్ని మళ్లీ చన్నీళ్లతో కలిపి, గుడ్డలో వడగట్టి, మళ్లీ దిగనిచ్చాను. దాన్ని ఉడికించి నా నేతచీరకు గంజి పెట్టాను. ఆరిన చీర దండెం మీద నుంచి తీస్తే తలుపు చెక్కలా నిలబడింది. పక్కింటి సత్తెమ్మ చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, రేపటికెల్లి నువ్వు ఇంట్ల పండుకో. నీ చీరనే పనికి పోయి ఒస్తది."

మర్నాడు కోటేశ్వరరావుగారి టేబులు ముందు నిలబడ్డాను. "సారూ, గా కడిగిన నీళ్లు నాకియ్యుండ్రి. పిండి దీసుకుంట."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "తీసుకో. కానీ ఒక షరతు. రోజూ ఎత్తుకుపోవాలి. పండగనీ జ్వరమనీ పెళ్లనీ నాకు చెప్పకూడదు. సాయంత్రానికి తొట్లు ఖాళీ అవ్వాలి. ఒక్కరోజు తప్పావా, ఇంక నువ్వు రానక్కర్లేదు. పశువుల దాణా లారీవాడు తొక్కలూ నీళ్లూ అన్నీ కలిపి అడుగుతున్నాడు, వాడికి ఇచ్చేస్తాను."

"తప్పితే అప్పుడు సూద్దురు సారూ," అన్నాను. నా బతుకంతా ఆ షరతు చుట్టూనే తిరిగింది. అందుకే అది మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

కొన్నాళ్లకు నా పిండి అమ్ముడుపోతోందని తెలిసి ఆయన నీళ్లకు ధర అడిగాడు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది. ఊరికే ఇచ్చినన్నాళ్లూ ఆ నీళ్లలో బీడీ ముక్కలు, చీపురు పుల్లలు, ఒకసారి ఒక చెప్పు కూడా వచ్చాయి. ధర తీసుకోవడం మొదలుపెట్టాక నీళ్లు తేటగా వచ్చాయి. చెత్తను ఊరికే ఇచ్చేవాడు చెత్తలాగే ఇస్తాడు. ధర అడిగినవాణ్ణి తిట్టండి, కానీ ఇవ్వండి.

వేడినీళ్లు పోసిన రోజు

షెడ్డు జంగారెడ్డి పటేలుది. ఒకప్పటి ఊరి ఆసామి. పొలాలు ప్లాట్లయ్యాక మిగిలిన చివరి ముక్కలో ఆ షెడ్డు ఉండేది. నెలనెలా కిరాయి ఇచ్చేదాన్ని. పనిలో నేను కాక ఇద్దరు. ఒకరు ఇందాక చెప్పిన సత్తెమ్మ. రెండో మనిషి మంగ. రాజమండ్రి వైపు పిల్ల, మొగుడు ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్లో వాచ్‌మన్. సత్తెమ్మ నోరు ఆగదు, మంగ చేయి ఆగదు. ఇద్దరూ కలిస్తే ఒక మంచి మనిషి.

చలికాలం పొద్దున తొట్టిలో చేయి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఒకరోజు నేను వచ్చేసరికి సత్తెమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, దిగిన పిండి మీద కుమ్మరించింది. ఇంట్లో జిడ్డు గిన్నెకు వేడినీళ్లు పోస్తే శుభ్రమవుతుంది కదా, ఇదీ అంతేననుకుంది. తొట్టి మొత్తం ముద్దకట్టింది. తెడ్డు గుచ్చితే తెడ్డు నిలబడింది.

"ఏం జేసినవే?" అన్నాను.

"కడిగిన అక్కా."

"కడగలేదు, వండినవ్."

మంగ తెడ్డు లాగబోయి ఆయాసపడుతూ, "అక్కా, ఇది పారబొయ్యాలంటే గునపం కావాలండీ," అంది.

పారబోయడం అనే మాట నా షెడ్డులో ఎవరూ అనకూడదు. ఆ ముద్దను బకెట్లలోకి ఎత్తించి, తోపుడు బండి మీద పెట్టుకుని మూసారాంబాగ్‌లో గౌస్ భాయ్ దగ్గరికి పోయాను. మార్కెట్లో మామిడిపండ్లకు, బత్తాయిలకు ఆయన అట్టపెట్టెలు చేసి ఇస్తాడు. అప్పటిదాకా మా దగ్గర పొడిపిండి కొనేవాడు.

గౌస్ భాయ్ బేరగాళ్లలో నాకు నచ్చిన మనిషి. మాటలతో సరకు చూడడు. వేలితో తీసి, రెండు అట్టముక్కలకు రాసి, అదిమి పక్కన పెట్టి చాయ్ తాగాడు. తాగాక ఆ రెండింటినీ పట్టుకుని పీకాడు. అట్ట చిరిగింది, అతుకు ఊడలేదు.

"అరె యాదమ్మా! మైదా లై కన్నా ఇది అచ్ఛా ఉన్నది. నువ్వే ఉడకబెట్టి ఇస్తవంటే మా పోరగాండ్లకు ఒక పని తప్పుతది. లేకిన్ మూడో రోజుకు బూజు పడితే నేను తీస్కోను."

అతికించే గంజిని మా దగ్గర లై అంటారు. పొడిపిండి అమ్మేదాన్ని ఆ రోజు నుంచి లై కూడా అమ్మాను. సత్తెమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా లై తనే కనిపెట్టానని చెప్పుకుంటుంది. చెప్పుకోనీ.

ఇందులో తెలుసుకోవాల్సింది మాత్రం జాగ్రత్తగా వినండి. ఎండబెట్టిన పొడి ఏడాది ఉంటుంది. తడిపిండి ఒక్కరోజు ఆగుతుంది, తర్వాత పులుస్తుంది. ఒక్కసారి వేడి తగిలిందా, అది మళ్లీ పిండి కాదు, అప్పుడే వాడుకోవాలి. బూజు పట్టకుండా లైలో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం. వేసిన మరుక్షణం ఆ డేగ్చా వంటపాత్ర కాదు. తిండి తినేవాళ్లు ఉన్న చోట ఆ డబ్బా మూత తీయకూడదు. ఇది నేను ఎవరికీ రెండోసారి చెప్పను. రెండోసారి చెప్పాల్సి వస్తే ఆ మనిషిని పనిలో పెట్టుకోను.

ఉల్లిపొట్టు

ఒక్కటే కాదు, చాలా చేయబోయాం. ఉల్లిపొట్టు ఉడకబెట్టి బట్టలకు రంగు తీశాం. ఎంత అందంగా వచ్చిందంటే మంగ తన పాత చీర ముంచేసుకుంది. అద్దకం వేసే సేటు కూడా మెచ్చుకుని మళ్లీ తెమ్మన్నాడు. తెస్తే అది వేరే ఛాయ. మూడోసారి ఇంకో ఛాయ. ఉల్లిగడ్డ ఒక్కో లారీకి ఒక్కో ఊరి నుంచి వస్తే పొట్టు ఒక్కలా ఎట్లా ఉంటుంది? సేటు దండం పెట్టాడు. ఆ పని వదిలేశాను, బాధపడలేదు. మీ సరకు మంచిదే కావచ్చు. నిన్నటిలాగే ఇవాళ రాకపోతే కార్ఖానావాడికి అది పనికిరాదు.

బంద్‌లు

తర్వాత ఉద్యమం రోజులు వచ్చాయి. ఇక్కడ నా మాట సూటిగా రాస్తాను. నాకు తెలంగాణ కావాలి. ఇది ఎవరి ముందైనా అన్నాను, మంగ ముందు కూడా అన్నాను. మా బస్తీ నుంచి ఊరేగింపు పోతే సత్తెమ్మను వెంటేసుకుని నేనూ నడిచాను.

మంగ ఒకరోజు పిండి జల్లిస్తూ, తలెత్తకుండా అంది. "మీకు రావాల్సిందేనక్కా. కానీ నన్ను పొమ్మనకండి."

"పొమ్మన్నదెవలే? నువ్వు పోతే గీ జల్లెడ ఎవలు పడ్తరు? సత్తెమ్మనా? ఆమె జల్లించేలోపల నాలుగు రాష్ట్రాలైతయి."

"నన్నెందుకు తెస్తవ్ అక్కా నడుమకు?" అని సత్తెమ్మ మొత్తుకుంది.

జంగారెడ్డి పటేలు మా వైపు ఉద్యమానికి పెద్ద. ఆయన ఉద్యమం ఉత్తది కాదు, లాఠీదెబ్బలు తిన్నాడు, లోపల కూడా కూర్చుని వచ్చాడు. దానికి నేను ఎప్పుడూ దండం పెడతాను. కానీ షెడ్డు ఖాళీ అయితే అక్కడ కిరాయి దుకాణాల షట్టర్లు కట్టుకోవాలని ఆయన ఆశ. రెండూ ఒకే జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఏది తీస్తున్నాడో చేయి బయటికొచ్చేదాకా తెలిసేది కాదు.

"యాదమ్మా, బంద్‌నాడు షెడ్డు దెరిస్తే తాళమేస్త. ఆ ఆంధ్రోని ఆలుగడ్డ నీళ్లు మోసుడేంది నీకు? సిగ్గుండాలె."

"పటేలా, ఆలుగడ్డ ఆగ్రా నుంచి ఒస్తది. ఆంధ్రల పండదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఒక్కరోజు బంద్ అయితే మాకు కష్టం లేదు. పొద్దున బంద్‌వాళ్లు చాయ్ తాగి బయటపడేలోపు నీళ్లు మోసుకొచ్చుకునేవాళ్లం. వానాకాలంలో వరసగా బంద్‌లు పడ్డ వారమే మమ్మల్ని పట్టుకుంది. ముసురు వదలడం లేదు, ఎండ లేదు, పిండి ఆరదు. డ్రమ్ములన్నీ తడిపిండితో నిండి, డేగ్చా, తెడ్లతో పాటు షెడ్డు ముందు రేకుల కింద ఉన్నాయి. అప్పుడే పటేలు అన్నంత పనీ చేశాడు. పొయ్యి లోపల ఉండగానే షెడ్డుకు తన తాళం వేయించాడు.

అదే పొద్దున కోటేశ్వరరావుగారి ఫోను. బయట షట్టరు దించి లోపల పని నడిపిస్తున్నాడు. గడ్డలు వచ్చి ఉన్నాయి, ఆపితే కుళ్లిపోతాయి.

"తొట్లు నిండాయమ్మా. మోరీలోకి వదిలితే కాలనీవాళ్లు ఇవాళ వదలరు, నేను ఏ వైపువాణ్ణో మళ్లీ చెప్పాలా? సాయంత్రం వరకు చూస్తాను. రాలేకపోతే చెప్పు, తప్పు లేదు. లారీవాడు చీకటి పడ్డాక వస్తానంటున్నాడు."

"ఒస్త సారూ."

"బంద్ కదా?"

"మీరు షరతు వెట్టిననాడు బంద్ లెక్కల రాలే. ఇయ్యాల గూడ రాదు."

ఫోను పెట్టేశాక మంగ డ్రమ్ములను చూసింది, నన్ను చూసింది. కొత్త నీళ్లు తేవాలంటే డ్రమ్ములు ఖాళీ కావాలి. ఖాళీ కావాలంటే తడిపిండిని లైగా వండి గౌస్ భాయ్‌కి పంపాలి. వండాలంటే పొయ్యి కావాలి, అది తాళం వెనక ఉంది. పక్క వాకిట్లో రాళ్లు పెడితే పటేలు మనుషులు తన్నేస్తారు. డ్రమ్ము మీదికి వంగి వాసన చూశాను. పుల్లటి వాసన మొదలైంది. ఇంకొక్క పూట.

అప్పుడు మైకు ఆటో వీధిలోకి వచ్చింది. ఇవాళ మెయిన్ రోడ్డు మీద వంటావార్పు, ఇంటింటి నుంచి అందరూ గిన్నెలు, కట్టెలు తీసుకుని రోడ్డెక్కాలి, అక్కడే వండాలి, అక్కడే తినాలి అని అరుస్తోంది. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మీద పొయ్యి పెడితే బండ్లు వాటంతటవే ఆగిపోతాయి.

"అందరంటుండు గద," అన్నాను. "నేను అందర్ల లేనా? సత్తెమ్మా, డేగ్చా తియ్."

నడిరోడ్డు మీద పొయ్యి

మంగను ఇంట్లో ఉండమన్నాను. వినలేదు. "తెడ్డు ఇద్దరు తిప్పకపోతే అడుగంటుద్దక్కా. నోరు మెదపను, ఒట్టు," అంది. నోరు మెదిపితే ఏ వైపు మనిషో తెలిసిపోతుందని దాని భయం.

రోడ్డు మీద టార్పాలిన్లు కట్టారు. కింద వరసగా పొయ్యిలు, కిచిడీ, పప్పుచారు. పాటలు, డప్పులు. ఒక చివర మూడు రాళ్లు పెట్టి మా డేగ్చా ఎక్కించాను. సత్తెమ్మ కట్టెలు పెట్టింది. తడిపిండిని చన్నీళ్లలో పలచగా కలిపి పోసి, నేనూ మంగా తెడ్డు పట్టుకున్నాం. మైలుతుత్తం డబ్బా ఇంటి దగ్గరే వదిలి వచ్చాను. అన్నం తినే చోటికి అది రాదు.

పటేలు జెండా భుజాన వేసుకుని వచ్చాడు. డేగ్చాలోకి తొంగిచూసి కనుబొమలు ముడిచాడు.

"ఏంది యాదమ్మా గిది?"

"వంట."

"ఏం వంట?"

"లై."

"లై వంటెట్లయితదే?"

"పొయ్యి మీదున్నది, తెడ్డు దిప్పుతున్న, కింద మంటున్నది. గిది వంట గాకుంటే నీ కిచిడీ గూడ వంట గాదు పటేలా. బంద్‌ల పని జెయ్యొద్దన్నవు గని వండొద్దనలే. షెడ్డు తెరవొద్దన్నవు, తెరవలే. తాళం నీ జేబుల్నే ఉన్నది."

డప్పు కొడుతున్నవాళ్లు ఆపి మరీ నవ్వారు. పటేలు పక్క పొయ్యిలో ఉప్పు సరిపోలేదని ఎవరినో కసురుకుంటూ పోయాడు.

లై కాగేకొద్దీ తెల్లదనం పోయి అద్దంలా మెరుస్తుంది. బుడగలు నిదానంగా లేచి పగులుతాయి. చూస్తే అచ్చం సగ్గుబియ్యం పాయసం. ఇది నాకు తోచలేదు, ఎందుకంటే నేను దాన్ని ఎన్నడూ ఆకలితో చూడలేదు. నేను కట్టె ఎగదోయడానికి వంగాను. అంతలో హాస్టల్ విద్యార్థి ఒకడు, పొద్దుటి నుంచి నినాదాలిచ్చి గొంతు పోయినవాడు, ఇస్తరాకు పట్టుకుని వచ్చి గంటె ముంచి వేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. సత్తెమ్మ కూడా చూస్తోంది, నవ్వు ఆపుకుంటూ. వాడు చేయి నోటి దాకా తెచ్చాడు.

"అయ్యయ్యో, బాబూ! తినకండీ! అది బంకండీ, బంక!"

మంగ. చేతిలో తెడ్డు వదిలేసి వాడి చేతిని పట్టుకుంది.

డప్పులు ఆగాయి. ఆ రెండు 'అండీ'లు అందరికీ వినబడ్డాయి. వెనక నుంచి ఒక గొంతు, "ఆంధ్రామె గదరా," అంది. ఇంకో గొంతు ఇంకేదో అంది, అది రాయను. మంగ ముఖం పాలిపోయింది. పటేలు గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"యాదమ్మా! మన వంటల వాళ్లను తెచ్చి కూసోబెడ్తివా? లేపు ఆమెను."

నేను డేగ్చాలోంచి తెడ్డు తీశాను. దాని చివర లై తీగలా సాగి కారుతోంది, పొగలు వస్తున్నాయి.

"పటేలా, గీ పిలగాడు నోట్లె వెట్టుకుంటుంటె సూసుకుంట నిలవడ్డోళ్లంత మనోళ్లే. ఆపింది గీమె. మనోళ్లెవలో నువ్వు చెప్పకు, నాకు సమజైంది. గీమె నా మనిషి, నా పొయ్యి కాడ కూసున్నది. లేపుతరా? రాండ్రి. తెడ్డు మస్తు వేడిగున్నది."

అప్పుడు ఆ విద్యార్థి తన వేళ్లు విడదీసుకోవడానికి తంటాలు పడుతున్నాడు. బొటనవేలు, చూపుడువేలు అతుక్కుపోయాయి.

"అన్నా," అన్నాడు పటేలుతో, పోయిన గొంతుతోనే. "గీ అక్క ఆపకుంటే నా నోరు గిట్లనే అయితుండె. రేపు నినాదాలు ఎవలిస్తుండె?"

సత్తెమ్మ అందుకుంది. "పేగులు గూడ అతుకుతుండె బిడ్డా. బైండింగు పుస్తకం లెక్క ఉంటుంటివి."

నవ్వు మొదలైంది. మొదట డప్పుల దగ్గర, తర్వాత గుంపంతా. నవ్విన గుంపు ఎవరినీ లేపదు. మంగ కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ తెడ్డు పట్టుకుంది, ఎందుకంటే అడుగంటుతోంది.

ఆ విద్యార్థే మళ్లీ అడిగాడు. "అవ్వా, గిది గంత గట్టిగ అతుకుతదా? మాకు పోస్టర్లకు లై లేదు. మైద దుకాన్లు బంద్."

"బంద్ జేసిందెవలు?" అన్నాను. ఒక బకెట్టు నింపి ఇచ్చాను. "బకెట్టు కడిగి తేవాలె. ఎండిందంటే నీతోనే గోకిస్త."

ఆ పోస్టర్ల మీద పటేలు ఫొటో కూడా ఉంది. అందుకని ఆ బకెట్టు సంగతి ఆయన ఎత్తలేదు.

మిగతా లై తోపుడు బండి మీద పెట్టుకుని మూసారాంబాగ్ పోయాం. దారిలో ఆపినచోటల్లా మా వెంట వచ్చిన హాస్టల్ విద్యార్థులే "పోస్టర్ల లై, పోనియ్యుండ్రి" అన్నారు. సగం నిజమే కదా. గౌస్ భాయ్ షట్టరు సగం ఎత్తి, వంగి బకెట్లు లోపలికి లాక్కున్నాడు. "మైలుతుత్తం వెయ్యలే, నువ్వు ఏసుకో" అని చెప్పాను. అక్కడే డ్రమ్ములు కడుక్కుని, వానలో తడుస్తూ కోటేశ్వరరావుగారి గేటు తట్టాం. ఇంకా వెలుతురుంది.

ఆయన షట్టరు సందులోంచి చూశాడు. "ఎలా వచ్చావమ్మా?"

"నడిసొచ్చిన సారూ. తొట్లు ఏడున్నయ్?"

ఆయన ఫోను తీసి లారీవాణ్ణి రావద్దన్నాడు. ప్యాంటు మడిచి, డ్రమ్ముకు ఒక పక్కన తనూ చేయి వేశాడు. అంతకుముందు ఎన్నడూ వేయలేదు, తర్వాత కూడా వేయలేదు.

సంతోషమే

ఆ షెడ్డు ఇప్పటికీ ఉంది, ఇప్పుడు మంగ నడుపుతోంది. ఎట్లా నిలిచిందో చెప్పి ఆపేస్తాను. బంద్ ముగిశాక పటేలు తాళం తీశాడు కానీ షెడ్డు మీంచి మనసు తీయలేదు. తెలంగాణ వచ్చిందన్న రోజు బస్తీ అంతా రంగులు, పటాకులు. నా కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. ఎవరూ చూసేలోపే తుడిచేసుకున్నాను. పటేలు గులాల్ పూసుకున్న ముఖంతో, మిఠాయి డబ్బాతో షెడ్డుకు వచ్చాడు.

"యాదమ్మా, ఒచ్చింది! నోరు తీపి జేస్కో!"

తీసుకుని తిన్నాను. మంగకు ఒకటి, సత్తెమ్మకు ఒకటి ఆ డబ్బాలోంచే తీసి ఇచ్చాను. పటేలు మంగ వైపు చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

"ఇగ మన రాజ్యం," అన్నాడు. "జాగల ధరలు ఎగుస్తయి. గీ షెడ్డు ఖాళీ జేసియ్యి, షట్టర్లు కడ్త. ఆ చిప్సోడు కూడా ఇగ ఉంటడో పోతడో. ఇంకా ఎన్నొద్దులు జేస్తవ్ గీ కడుగు నీళ్ల పని?"

"పటేలా, రాష్ట్రమొచ్చింది, సంతోషం. షెడ్డు ఖాళీ జెయ్య."

"గట్లంటె ఎట్లనే?"

"మన రాజ్యమొస్తే మనోళ్లకు పనుంటదన్నవు మైకుల. నేను ఇన్నా. నడిచినా. ఇప్పుడు నా పని నువ్వే తీస్తనంటే నేను యాడికి పోవాలె? కిరాయి ఒక్క నెల తప్పితే చెప్పు, గిప్పుడే ఎల్లిపోత. తప్పలేదంటే, రోడ్డు మీద కూసునుడు మాకు నువ్వే నేర్పినవ్. రోడ్డు మీదనే కూసున్నోళ్లం, షెడ్డుల కూసునుడు మాకేమన్న కష్టమా? పొయ్యి ఈడనే ఉన్నది. డప్పులోళ్లు తెలిసినోళ్లే."

సత్తెమ్మ వెంటనే పొయ్యి పక్కన చాప పరిచి కూర్చుంది. మంగ కాసేపు నిలబడి, తనూ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

పటేలు వాళ్లను చూశాడు, తన చేతిలో మూత తెరిచిన మిఠాయి డబ్బాను చూశాడు. బయట గౌస్ భాయ్ పంపిన ట్రాలీ ఆటో హారను కొడుతోంది. లై చల్లారిపోతోంది, బకెట్లు ఇంకా నింపలేదు, కోటేశ్వరరావుగారి తొట్లు ఎదురుచూస్తున్నాయి.

"జర జరుగు పటేలా," అన్నాను. "దారికి అడ్డమున్నవ్."

పటేలు జరిగాడు.